"ఎరుగబడిన ప్రకారము": ఇది తెలుగు నుడికారమేనా?

ప్రశ్న:
బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయం 12వ వచనం చివర ఇలా ఉంటుంది: "ఇప్పుడు కొంతమట్టుకే యెరిగియున్నాను, అప్పుడు నేను పూర్తిగా ఎరుగబడిన ప్రకారము పూర్తిగా ఎరుగుదును." కంఠతా వచ్చిన వాక్యమే. అయినా 'ఎరుగబడిన' దగ్గర నా నాలుక ప్రతిసారీ తడబడుతుంది. 'నేను ఎరుగబడ్డాను' అని తెలుగువాళ్లెవరైనా అంటారా? 'దేవుడు నన్ను ఎరిగినట్టు' అంటే సరిపోదా?

జవాబు:
తడబడటం న్యాయమేనండి. 'బడు' చేర్చిన కర్మణి ప్రయోగం మన నోటికి ఇంపు కాదు. అనువాదకులకు ఆ సంగతి తెలియక కాదు. అదే పత్రిక 8వ అధ్యాయం 3వ వచనం చూడండి: "ఒకడు దేవుని ప్రేమించినయెడల అతడు దేవునికి ఎరుకైనవాడే." గ్రీకులో అక్కడా కర్మణి ప్రయోగమే, కానీ 'ఎరుకైనవాడే' అనేసరికి ఎంత హాయిగా కుదిరింది!

మరి 13లో ఆ దారి ఎందుకు పట్టలేదు? నా ఊహ ఇది. అక్కడ ఒకే క్రియ అటూ ఇటూ తిరిగి రావాలి: నేను ఎరగడం, నన్ను ఎరగడం. గ్రీకులో ఆ రెండు చోట్లా 'ఎపిగినోస్కో' ఉంది. ముందున్న 'కొంతమట్టుకే' దగ్గర ఉపసర్గ లేని 'గినోస్కో'. ఆ తేడాను తెలుగులో 'పూర్తిగా' అన్న మాట మోస్తోంది.

కాలం కూడా గమనించండి. 'ఎరుగుదును' ఇంకా రావలసి ఉంది, 'ఎరుగబడిన' ఎప్పుడో అయిపోయింది. నా గురించి దేవుడు రేపు కొత్తగా తెలుసుకుని మనసు విరుచుకునేందుకు ఏమీ మిగల్లేదన్నమాట. ప్రేమ గురించి రాసిన అధ్యాయంలో ఈ మాట ఊరికే పడలేదు. గలతీయులకు రాస్తూ కూడా పౌలు "దేవునిని ఎరిగినవారు" అని మొదలుపెట్టి, వెంటనే "మరి విశేషముగా దేవునిచేత ఎరుగబడినవారు" అని సవరించుకుంటాడు (4:9). ఆయనకు బరువంతా రెండోదానిమీదే.

ఇంకొకటి. ఇక్కడ 'తెలుసు' పనికిరాదు. 'నాకు తెలుసు' అన్నప్పుడు విషయం నా దగ్గరికి వస్తుంది. 'నేనెరుగుదును' అన్నప్పుడు కర్తను నేను. పైగా 'ఎరుగు'లో అనుభవం ఉంది. 'ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు' అన్న సామెతలో 'ఆకలికి రుచి తెలియదు' అని పెట్టి చూడండి, చప్పబడిపోతుంది.

మరొకరు:
వ్యాకరణం బాగుంది. నాకు గుచ్చుకునేది వేరే. మన గుట్టంతా ఎరిగినవాడంటే భయం పుట్టాలి గానీ, అందులో ప్రేమ ఎక్కడిది? 139వ కీర్తన "యెహోవా, నీవు నన్ను పరిశోధించి తెలిసికొనియున్నావు" అని మొదలవుతుంది. 'పరిశోధించి' అనగానే నాకు నేర పరిశోధనే గుర్తుకు వస్తుంది. ఏడో వచనంలో కీర్తనకారుడే "నేనెక్కడికి పారిపోవుదును?" అంటున్నాడు కదా!

మొదటి జవాబు రాసినవారు:
భయం ఉంది, కీర్తనకారుడు దాన్ని దాచలేదు. కానీ 23వ వచనానికి వచ్చేసరికి అవే రెండు క్రియలతో "నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అని తానే అడుగుతున్నాడు. (మధ్యలో "నా నడకను నా పడకను" అన్న జంట చూశారా? అది రాసిన చేతికి దండం పెట్టాలి.)

ఎరుగు అంటే సమాచారం మాత్రమే అయితే, మత్తయి 7:23లో "నేను మిమ్మును ఎన్నడును ఎరుగను" అన్న మాటకు అర్థమే ఉండదు. సమస్తం తెలిసినవాడు అంటున్న మాట అది. అక్కడ లేనిది తెలివిడి కాదు, సంబంధం.

ఇక ప్రేమ సంగతికి యేసు శిష్యుడు పేతురే సాక్షి. ప్రధానయాజకుని ఇంటి దగ్గర ఒట్టు పెట్టుకుని మరీ "ఆ మనుష్యుని నేనెరుగను" అన్నాడు (మత్తయి 26). తర్వాత తిబెరియ సముద్రతీరాన, భోజనం అయ్యాక, యేసు మూడోసారి "నన్ను ప్రేమించుచున్నావా?" అని అడిగితే నొచ్చుకుని, "ప్రభువా, నీవు సమస్తము ఎరిగినవాడవు" అన్నాడు (యోహాను 21). క్రియ అదే, గ్రీకులోనూ ఆ రెండు చోట్లా 'ఒయిద' రూపాలే. ఆ 'సమస్తము'లో కోడి కూసిన రాత్రి, అంటే తాను 'ఎరుగను' అని బొంకిన రాత్రి కూడా ఉంది. తన ప్రేమకు రుజువుగా చూపడానికి పేతురు దగ్గర మంచి ప్రవర్తన ఏదీ లేదు. అందుకని ఆయన ఎరుకనే సాక్ష్యానికి పిలిచాడు. అన్నీ ఎరిగినవాడు తిరిగి అన్న మాట, "నా గొఱ్ఱెలను మేపుము."

ప్రశ్న వేసినవారు:
ఒప్పుకున్నాను, వల్లించేటప్పుడు 'ఎరుగబడిన' అలాగే ఉంచుతాను. పిల్లలకు అర్థం చెప్పేటప్పుడు మాత్రం 'దేవుడు నన్ను పూర్తిగా ఎరిగినంతగా నేనూ ఎరుగుతాను' అంటాను.

మరొకరు:
'ఎరిగినంతగా' వద్దండి. అంత, ఇంత అంటే కొలత అవుతుంది. దేవుడికి తెలిసినదంతా మనకూ తెలిసిపోతుందనుకుంటారు పిల్లలు. మూలంలోని 'కథోస్' ముందుగా చెప్పేది రీతిని, 'ప్రకారము' అన్నది అందుకే. 'ఎరిగినట్టే' అనండి. 'పూర్తిగా' రెండు చోట్లా పలికించండి, మొదటిదాన్ని మింగేస్తుంటారు.