పియానో నోట్స్ మీద ఇటాలియన్ మాటలు ఎలా గుర్తుపెట్టుకోవాలి?

ప్రశ్న:
క్లెమెంటి రాసిన సొనాటీనా (మూడు భాగాల చిన్న పియానో రచన), ఓపస్ 36 అనే సంపుటిలో మొదటిది నేర్చుకుంటున్నాను. వేళ్లు బాగానే కదులుతున్నాయి, ఎంత వేగంగా, ఎలా వాయించాలో చెప్పే ఆ ఇటాలియన్ మాటలతోనే టెన్షన్. జాబితా రాసి బట్టీ పట్టినా పియానో ముందు కూర్చుంటే గుర్తుకు రావు. చిన్నప్పుడు కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను. అలెగ్రో అంటే రెండో కాలం అనుకోవచ్చా?

జవాబు:
వద్దండి. రెండో కాలమంటే మొదటిదానికి సరిగ్గా రెట్టింపు వేగం. అలెగ్రోకి అలాంటి లెక్క లేదు. అందులో వేగంతో పాటు హుషారూ ఉండాలి. నేను పిల్లలకు పియానో చెబుతాను, జాబితా మాత్రం ఎవరికీ ఇవ్వను. మీ సొనాటీనాలోనే మూడు మాటలున్నాయి: మొదటి భాగం అలెగ్రో, రెండోది అండాంటే, మూడోది వివాచే. మూడింటి మొదటి నాలుగు బార్లూ (నోట్స్‌లో నిలువు గీతల మధ్య ఉండే భాగాలు) వెంటవెంటనే వాయించండి. అండాంటేకి ముందు గదిలో తాపీగా నాలుగడుగులు వేయండి, ఆ నడకే దాని వేగం. వివాచేలో చురుకుదనం లేకపోతే ఎంత వేగంగా వాయించినా అది వివాచే కాదు. ఈ తేడా ఒకసారి చెవికి ఎక్కిందంటే ఇక మర్చిపోరు.

ఇంకొకరు:
ఇటాలియన్‌తో ఆగకండి. స్వరకర్తల్లో షూమన్ ఇలాంటి సూచనలు చాలాచోట్ల జర్మన్‌లో రాశాడు, డెబ్యుసీ ఫ్రెంచిలో.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. రాలెంటాండో, రిటెనూటో ఒకటేనా?

జవాబు:
కాదు. రాలెంటాండోలో వేగం క్రమంగా తగ్గుతుంది. రిటెనూటోలో అక్కడికక్కడే తగ్గించాలి. రిటెనూటోని 'రిట్.' అని కుదించి రాస్తే, క్రమంగా తగ్గించమనే రిటార్డాండో అనుకుని పొరపాటు పడే అవకాశం ఉంది, పూర్తి మాట చూసుకోండి.