ఫిట్జ్‌జెరాల్డ్‌ల వంశవృక్షం ఫ్లోరెన్స్ దాకా గీయాలా, విండ్సర్ దగ్గర ఆపాలా?

ప్రశ్న (మేనూత్ విద్యార్థిని):
అందరికీ నమస్కారం. ఐర్లండ్‌లోని మేనూత్‌లో చరిత్రలో ఎం.ఏ. చేస్తున్నాను. మా యూనివర్సిటీ గేటు పక్కనే పాడుబడిన రాతికోట ఒకటి ఉంది. రోజూ దాని ముందు నుంచే క్లాసుకు వెళ్తాను. అది కిల్డేర్ ఎర్ల్‌ల కోట (ఎర్ల్ అనేది ఒక ప్రభు బిరుదు), అంటే ఫిట్జ్‌జెరాల్డ్‌లది. సెమినార్ పేపర్ కోసం ఆ కుటుంబం వంశవృక్షం మొదటి నుంచి గీయాలి. నెట్‌లో ఒక చార్టు ఇటలీలో ఫ్లోరెన్స్ నగరానికి చెందిన గెరార్దీని కుటుంబం దాకా వెళ్తోంది. మోనాలిసా కూడా ఆ ఇంటి ఆడపడుచేనట. ఇంకో చార్టు ఇంగ్లండ్‌లోని విండ్సర్ దగ్గరే ఆగిపోయింది. దేన్ని నమ్మాలి? పైగా ఎవరిని చూసినా జాన్, థామస్, మోరిస్, జెరాల్డ్ అనే పేర్లే. సోమవారం ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (రిటైర్డ్ లెక్చరర్):
అమ్మా, విండ్సర్ చార్టునే పట్టుకోండి. ఎందుకో చెబుతాను.

పాత వంశాల విషయంలో పై నుంచి కిందికి రాకూడదు. గట్టిగా తెలిసిన మనిషి దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టూ పైకి ఎక్కాలి. ప్రతి మెట్టు దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇతను ఫలానా వాడి కొడుకని ఆ రోజుల్లోనే ఎవరైనా రాశారా, లేక మూడు నాలుగు వందల ఏళ్ల తర్వాత రాశారా?

1176లో చనిపోయిన మోరిస్ ఫిట్జ్‌జెరాల్డ్ దగ్గర మొదలుపెట్టండి. 1169లో రెండు ఓడల్లో ఐర్లండ్‌కు వచ్చినవాడు ఇతనే. ఇతని తండ్రి జెరాల్డ్ ఆఫ్ విండ్సర్, వేల్స్‌లోని పెంబ్రోక్ కోటకు అధికారి. జెరాల్డ్ తండ్రి వాల్టర్ ఫిట్జ్ ఓథర్ విండ్సర్ కోటకు అధికారి. ఈ వాల్టర్ 1086 నాటి డూమ్స్‌డే బుక్‌లో భూస్వామిగా కనిపిస్తాడు. అది ఇంగ్లండ్ రాజు చేయించిన భూముల లెక్క. ఇతని ఊళ్లలో స్టాన్‌వెల్ ఒకటి. మీరు లండన్ మీదుగా వచ్చి ఉంటే మీ విమానం దిగింది దాని పక్కనే, హీత్రో ఆ ఊరిని ఆనుకునే ఉంటుంది. ఇక ఫిట్జ్ ఓథర్ అంటే ఓథర్ కొడుకు, తండ్రి పేరు కొడుకు పేరులోనే ఉంది కాబట్టి ఆ ఒక్క మెట్టు కూడా ఎక్కవచ్చు. అక్కడ గీత ఆపేయండి.

మరి ఫ్లోరెన్స్ ఎక్కడి నుంచి వచ్చిందంటే, 15వ శతాబ్దం నుంచి రెండు కుటుంబాల పేర్లలోని పోలిక చూసి చుట్టరికం కలుపుకున్నారు. 1507లో ఎనిమిదో కిల్డేర్ ఎర్ల్ జెరాల్డ్ మోర్ స్వయంగా ఫ్లోరెన్స్‌లోని గెరార్దీనిలకు ఉత్తరం రాశాడు. మన పూర్వీకుల సంగతులు తెలియజేయండి, ఇక్కడి నుంచి డేగలు, గుర్రాలు, వేటకుక్కలు కావాలంటే పంపిస్తాను అన్న ధోరణిలో ఉంటుంది అది. చదువుతుంటే మనసుకు హత్తుకుంటుంది. కానీ వాల్టర్‌కూ ఈ ఉత్తరానికీ మధ్య నాలుగు వందల ఏళ్లు దాటాయి. ఆ కాలాన్ని కలిపే కాగితం ఒక్కటి కూడా మధ్యలో లేదు.

ఇంకో సంగతి గమనించండి. అదే ఎర్ల్ కోసం 1503లో ఫిలిప్ ఫ్లాటిస్‌బరీ అనే ఆయన కుటుంబం భూమి పత్రాలన్నీ ఒక సంపుటిగా రాసి పెట్టాడు. దాన్ని కిల్డేర్ రెడ్ బుక్ అంటారు. పొలం హక్కు నిరూపించుకోవాల్సి వస్తే ఆ ఇంటివాళ్లు తీసేది ఈ పుస్తకాన్నే. ఫ్లోరెన్స్ ఉత్తరం గౌరవం కోసం రాసింది. మీ పేపర్‌కు ఆధారంగా పనికొచ్చేది మొదటి రకం కాగితం.

ఇంకొకరు:
ఫిట్జ్ అంటే అక్రమ సంతానం అని ఎక్కడో చదివాను. అదీ రాయాలేమో?

జవాబు (రిటైర్డ్ లెక్చరర్):
వద్దండి, అది పొరపాటు. నార్మన్ ఫ్రెంచిలో, అంటే ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చి 1066లో ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్ల భాషలో, ఫిట్జ్ అంటే కొడుకు, అంతే. ఫిట్జ్‌రాయ్ లాంటి పేర్లు రాజుల అక్రమ సంతానానికి పెట్టడం వల్ల ఆ అపోహ వచ్చింది. మొదట్లో ఇది ఇంటిపేరు కూడా కాదు, తరం తరానికీ మారిపోయేది. 1316లో మొదటి కిల్డేర్ ఎర్ల్ అయిన జాన్ ఫిట్జ్ థామస్ కొడుకు పేరు థామస్ ఫిట్జ్ జాన్. అందుకే పేరులో జెరాల్డ్ లేనివాళ్లు ఈ వంశం కాదని కొట్టేయకండి.

అమ్మా, మీరు తల్లి వైపు గీత కూడా తప్పకుండా గీయండి. నా దృష్టిలో ఈ వంశానికి అసలు వేరు అదే. జెరాల్డ్ ఆఫ్ విండ్సర్ భార్య నెస్ట్, నైరుతి వేల్స్‌ను ఏలి 1093లో యుద్ధంలో చనిపోయిన రీస్ అప్ ట్యూడర్ రాజు కూతురు. ఆమెకు జెరాల్డ్ వల్ల పుట్టినవాడు మోరిస్, కార్డిగన్ కోట అధికారి స్టీఫెన్ వల్ల పుట్టినవాడు రాబర్ట్ ఫిట్జ్ స్టీఫెన్. అంటే ఒక తల్లి బిడ్డలు, తండ్రులు వేరు. 1169 మే నెలలో ముందుగా ఐర్లండ్‌లో దిగింది ఈ రాబర్టే, మోరిస్ తర్వాత వచ్చాడు. ఐర్లండ్‌లోని లెన్‌స్టర్ రాజు డియర్మెడ్ మెక్‌మరో వెక్స్‌ఫర్డ్ పట్టణాన్ని ఇద్దరికీ కలిపి ఇస్తానన్నాడు. తండ్రి వైపు మాత్రమే గీస్తే వీళ్లు కలిసి ఎందుకు వచ్చారో మీ చార్టు చూసి ఎవరికీ అర్థం కాదు.

ఐర్లండ్ మీద నార్మన్ల ఈ దండయాత్ర గురించి విపులంగా రాసిన జెరాల్డ్ ఆఫ్ వేల్స్ కూడా నెస్ట్ మనవడే, ఆమె కూతురు ఆంగరాద్ కొడుకు. మోరిస్, రాబర్ట్ ఇద్దరూ అతనికి మేనమామలు. కాబట్టి ఎవరు ఎవరి బిడ్డో చెప్పినప్పుడు అతన్ని నమ్మండి. మేనమామల గొప్పలు చెప్పినప్పుడు ఇంకో ఆధారం వెతకండి.

మరొకరు (డబ్లిన్ నుంచి):
నేను ఇలాంటి చార్టు గీసినప్పుడు చేసిన తప్పు చెబుతాను, మీకు పనికొస్తుంది. జాన్ ఫిట్జ్ థామస్‌లు ఇద్దరున్నారు. ఒకరు 1261లో కెర్రీలో కాలన్ యుద్ధంలో మెకార్తీల చేతిలో చనిపోయాడు. ఇతను ఈ వంశంలోనే రెండో శాఖ అయిన డెస్మండ్ శాఖ మూలపురుషుల్లో ఒకడు. రెండో అతను మాస్టారు చెప్పిన మొదటి కిల్డేర్ ఎర్ల్. నేను ఇద్దర్నీ ఒకే గడిలో పెట్టేశాను. చనిపోయినవాడు 55 ఏళ్ల తర్వాత ఎర్ల్ ఎలా అయ్యాడని మా అబ్బాయి అడిగితే గానీ తప్పు తెలియలేదు. శాఖలు రెండూ మోరిస్ కొడుకుల దగ్గరే విడిపోతాయి, జెరాల్డ్ నుంచి కిల్డేర్, థామస్ నుంచి డెస్మండ్. డెస్మండ్‌కు ఎర్ల్ బిరుదు 1329లో వచ్చింది. ప్రతి పేరు కింద చనిపోయిన సంవత్సరం, ఊరు రాసుకోండి. పసిబిడ్డను కోతి కాపాడిందనే కథను కూడా రెండు శాఖలవాళ్లూ తమదే అంటారు, దాన్ని బట్టి మాత్రం మనిషిని గుర్తించొద్దు.

మాస్టారూ, నాదీ ఒక సందేహం. మా ఆఫీసులో ఒక ఫిట్జ్‌జెరాల్డ్ ఉన్నాడు, తమది ఎర్ల్‌ల వంశమే అంటాడు. నిజమే అయ్యుంటుందా?

జవాబు (రిటైర్డ్ లెక్చరర్):
కావచ్చు, కాకపోవచ్చు. పేరు ఒక్కటే చాలదు. ఉమర్ ఖయ్యాం పద్యాలను ఇంగ్లీషులోకి తెచ్చిన ఎడ్వర్డ్ ఫిట్జ్‌జెరాల్డ్ పుట్టింది పర్సెల్ ఇంటిపేరుతో. 1818లో తల్లి తరఫు తాత పోయాక తండ్రి ఆ తాత ఇంటిపేరైన ఫిట్జ్‌జెరాల్డ్ తీసుకున్నాడు. ఫిట్జ్‌పాట్రిక్‌లైతే నార్మన్లే కారు, మాక్ గిల్లా ఫాడ్రిగ్ అనే ఐరిష్ వంశం వాళ్లు ఇంగ్లీషు పద్ధతిలో మార్చుకున్న పేరు అది. మీ స్నేహితుణ్ణి తాతల నాటి చర్చి రిజిస్టర్ల నుంచి మొదలుపెట్టమనండి.

మేనూత్ విద్యార్థిని:
మాస్టారూ, అన్నయ్యా, చాలా థ్యాంక్స్. ఇద్దరు జాన్‌లనూ విడదీశాను. నేనూ కలిపేశాను! చివరిగా ఒక్కటి. ఫ్లోరెన్స్‌ను పూర్తిగా తీసేయనా? 1922లో డబ్లిన్‌లో రికార్డు ఆఫీసు కాలిపోయింది కదా, ఆధారం అందులో పోయిందేమో అని మా క్లాస్‌మేట్ అంటోంది.

జవాబు (రిటైర్డ్ లెక్చరర్):
ఆ మంటల్లో ఐర్లండ్ ప్రభుత్వ రికార్డులు పోయాయి, అది తీరని నష్టమే. కానీ విండ్సర్‌కు ముందు సంగతి అక్కడ వెతకాల్సింది కాదమ్మా. వాల్టర్ నాటికి ఈ కుటుంబం ఐర్లండ్‌లో కాలే పెట్టలేదు. కాలిపోయిన వాటికి మిగిలిన నకళ్లు 2022 నుంచి వర్చువల్ రికార్డ్ ట్రెజరీలో ఉచితంగా దొరుకుతున్నాయి. 1169 తర్వాతి తరాల కోసం అక్కడ తప్పక చూడండి.

ఫ్లోరెన్స్‌ను తీసేయొద్దు, చోటు మార్చండి. పైన ఓథర్ మీద కాకుండా, ఎనిమిదో ఎర్ల్ గడి పక్కన చుక్కల గీతతో గెరార్దీని అని రాసి 1507 వేయండి. అదే గడిలో రెడ్ బుక్, 1503 అని కూడా రాయండి.