నడుస్తున్న ఎంఓయూకి మధ్యలో సవరణ: కాలిఫోర్నియాలో పోలీసు మేనేజర్లకు ఎలా చేస్తారు? మన తిరుపతిలో దానికి సాటి ఏది?

లేబర్‌లా_తిరుపతి అడిగిన ప్రశ్న:

ఎస్వీ యూనివర్సిటీలో ఎల్‌ఎల్‌ఎం సెమినార్ పేపర్ కోసం అడుగుతున్నాను. కాలిఫోర్నియాలో ఒక నగరానికీ, ఆ ఊరి పోలీసు శాఖలోని లెఫ్టినెంట్లు, కెప్టెన్ల సంఘానికీ మూడేళ్ల ఎంఓయూ (జీతం, పని షరతుల ఒప్పందం) ఉందనుకుందాం. గడువు తీరకముందే అందులో రెండు అంశాలు కలపాలనుకున్నారు. ఒకటి, 20 ఏళ్ల సర్వీసు నిండినవాళ్లకు 4 శాతం లాంజివిటీ పే. రెండోది, సెలవు రోజులకు బదులు హాలిడే పే.

నాకు తెలియాల్సినవి: వరసగా ఏమేం జరుగుతాయి, ఎవరి సంతకం చెల్లుతుంది? సవరణ పత్రం రెండు పేజీలే ఉన్నా అందులో పెన్షన్ గురించి అంత రాయడం దేనికి? మన దగ్గర డీఎస్పీలకో, సీఐలకో ఇలాంటి ఒప్పందం ఉంటుందా? లేకపోతే పేపర్‌లో తిరుపతి నగరపాలక సంస్థను పెట్టి పోల్చవచ్చా?

---

కౌన్సిల్_ఎజెండా జవాబు:

ముందు చట్టం. అక్కడ నగరాలు, కౌంటీల ఉద్యోగులకు 1968 నాటి మేయర్స్-మిలియాస్-బ్రౌన్ చట్టమే ఆధారం. గవర్నమెంట్ కోడ్ 3500 నుంచి చదవండి. జీతం, పనివేళలు, పని షరతుల మీద సంఘంతో సద్భావంతో కూర్చుని మాట్లాడడం నగరానికి విధి (సెక్షన్ 3505). మేనేజర్లకూ ఈ హక్కు ఉంది. మన పారిశ్రామిక చట్టంలోలాగా 'మేనేజర్ అయితే బయటికి' అన్న సూత్రం అక్కడి స్థానిక సంస్థలకు లేదు. అందుకే లెఫ్టినెంట్లు, కెప్టెన్లు కింది అధికారుల సంఘంలో కలవకుండా తమకంటూ వేరే యూనిట్ పెట్టుకుంటారు.

మధ్యలో సవరణ అంటే మొదట చూడాల్సింది పాత ఎంఓయూలోనే ఉంటుంది. గడువు పూర్తయ్యేదాకా ఏ విషయమూ మళ్లీ తెరవక్కర్లేదని చెప్పే క్లాజు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. అది ఉంటే ఒక పక్షం బలవంతపెట్టి రెండో పక్షాన్ని కూర్చోబెట్టలేదు. ఇద్దరూ ఇష్టపడితేనే సవరణ. ఫలానా అంశాన్ని ఫలానా నెలలో మళ్లీ మాట్లాడుకోవచ్చని 'రీఓపెనర్' రాసుకుని ఉంటే మాత్రం ఆ అంశం మేరకు కూర్చోక తప్పదు. మీ పేపర్‌లో ఈ తేడా తప్పకుండా రాయండి. చాలామంది విద్యార్థులు దీన్ని దాటేసి నేరుగా కౌన్సిల్ తీర్మానానికి పోతారు.

తరవాత వరస ఇది. నగరం తరఫున బేరసారాలు చేసే ప్రతినిధికి కౌన్సిల్ మూసిన తలుపుల వెనక సమావేశంలో హద్దులు చెబుతుంది. దానికి బహిరంగ సమావేశాల చట్టమైన బ్రౌన్ చట్టం, సెక్షన్ 54957.6 అనుమతిస్తుంది. అయితే లోపలికి వెళ్లేముందే ఆ ప్రతినిధి ఎవరో బహిరంగంగా ప్రకటించాలి. బేరం కుదిరాక రెండు పక్షాల ప్రతినిధులు తాత్కాలిక అంగీకారం మీద సంతకాలు చేస్తారు, సంఘం సభ్యులు ఓటేసి ఆమోదిస్తారు. ఆ మీదట అది కౌన్సిల్ ఎజెండాకెక్కుతుంది. రెగ్యులర్ మీటింగ్ అయితే ఎజెండా కనీసం 72 గంటల ముందు అందరికీ కనబడేలా పెట్టాలి. సెక్షన్ 3505.1 ప్రకారం, బహిరంగ సమావేశంలో ఆ అంగీకారం మొదటిసారి పరిశీలనకు వచ్చిన రోజు నుంచి 30 రోజుల్లోగా కౌన్సిల్ అవుననో కాదనో ఓటెయ్యాలి. నానబెట్టడానికి వీల్లేదు.

సంతకం విషయానికొస్తే, సిటీ మేనేజర్ సంతకం చేసినంత మాత్రాన సవరణ పుట్టదు. కౌన్సిల్ ఆమోదించాకే నగరం దానికి కట్టుబడినట్టు. కొన్ని నగరాల్లో చిన్న చిన్న విషయాలకు సైడ్ లెటర్ రాసుకుని ఇద్దరు సంతకాలు పెట్టి ఫైల్లో దాస్తారు. డ్యూటీ రోస్టర్ లాంటి వాటికి అది నడుస్తుందేమో గానీ, డబ్బు, పెన్షన్ ముడిపడిన దానికి అలా చేస్తే ఆ సభ్యుడు రిటైరయ్యే రోజున గొడవ బయటపడుతుంది.

తీర్మానం భాషలో మూడు సంగతులు స్పష్టంగా ఉండాలి: ఏ ఆర్టికల్, ఏ సెక్షన్ మారుతోంది, కొత్త పాఠం పూర్తిగా ఏమిటి, ఏ పే పీరియడ్ మొదటి రోజు నుంచి అమలు. 'తగిన విధంగా సవరించడమైనది' అనే రాత పనికిరాదు. మిగతా షరతులన్నీ యథాతథం అన్న వాక్యం చివర్లో పెడతారు. అంతకుముందే ఇంకో సవరణ జరిగి ఉంటే దాని తేదీ కూడా అక్కడ చెప్పకపోతే, పాత సవరణ రద్దయిందా ఉందా అన్న వాదం వస్తుంది.

---

పెన్షన్_లెక్క జవాబు:

రెండో ప్రశ్నకు నేను చెబుతాను. మీ ఉదాహరణలో అసలు చిక్కు అక్కడే ఉంది.

ఆ రాష్ట్రంలో చాలా నగరాలు కాల్‌పెర్స్ అనే ప్రభుత్వోద్యోగుల పెన్షన్ సంస్థ పథకంలో ఉన్నాయి. బేసిక్ కాకుండా ఇచ్చే ఏ అదనపు సొమ్మయినా పెన్షన్ లెక్కలోకి రావాలంటే అది 'స్పెషల్ కాంపెన్సేషన్' కింద నిలబడాలి. కాలిఫోర్నియా నిబంధనల్లో రెండో టైటిల్, సెక్షన్ 571 దాని జాబితా. జాబితాలో పేరుంటే చాలదు. రాతపూర్వక ఒప్పందంలో ఉండాలి, ఆ వర్గంలో అందరికీ అందుబాటులో ఉండాలి, మామూలు పనివేళల్లో చేసే పనికే ఇవ్వాలి, సంపాదించిన కాలానికి క్రమంగా చెల్లించాలి, రిటైరయ్యే చివరి ఏడాదికి మాత్రమే పరిమితమై ఉండకూడదు. ఒప్పందంలో ఆ చెల్లింపు ఎప్పుడు, ఎంత, ఎవరికి అన్నది లేకపోతే కాల్‌పెర్స్ ఆడిట్‌లో కొట్టేస్తుంది. కొట్టేస్తే అప్పటికే పెన్షన్ తీసుకుంటున్నవాళ్ల సొమ్ము తగ్గే పరిస్థితి. రెండు పేజీల్లో ఒకటిన్నర పేజీ ఈ రాతే ఉండడానికి కారణం అది.

ఇప్పుడు లాంజివిటీ పే. ఒకే యజమాని దగ్గరో, ఒకే హోదాలోనో అయిదేళ్లకు మించిన నిర్ణీత కాలం పనిచేసినందుకు ఇచ్చేదిగా నిబంధన దీన్ని చూస్తుంది. 'పోలీసు వృత్తిలో 20 ఏళ్లు' అని రాసి, వేరే నగరంలో చేసిన 12 ఏళ్లు కూడా కలిపితే ఆ నిర్వచనంలో ఇమడదు. 'ఈ నగరంలో 20 ఏళ్లు' అని రాయాలి. ఇంకో మాట, 4 శాతం దేని మీద? బేసిక్ మీదా, బేసిక్‌తోపాటు విద్యార్హత పే కలిపిన మొత్తం మీదా? అది తేల్చకపోతే పేరోల్ వాళ్లు ఒకలా, సంఘం ఒకలా లెక్క కడతారు.

హాలిడే పేలో ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. పండగా పబ్బమా అని చూడకుండా సిబ్బందిని తప్పనిసరిగా డ్యూటీలో ఉంచాల్సిన పోస్టులకే అది పెన్షన్‌లో చేరుతుంది. గస్తీ షిఫ్టు చూసే లెఫ్టినెంట్‌కు సరిపోతుంది. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఆఫీసులో కూర్చుని, సెలవు రోజున ఇంట్లో ఉండే కెప్టెన్‌కు సరిపోదు. ఇద్దరికీ కలిపి ఒకే వాక్యం రాస్తే ఆడిట్‌లో కెప్టెన్ భాగం పోతుంది. కాబట్టి పోస్టులవారీగా విడగొట్టి రాయాలి.

2013 జనవరి 1 నుంచి పథకంలో కొత్తగా చేరినవాళ్లకు పెప్రా అనే పెన్షన్ సంస్కరణ చట్టం నిబంధనలు, వాళ్ల జాబితా వేరు (571.1). ఉదాహరణకు, యూనిఫాం అలవెన్సు పాతవాళ్లకు పెన్షన్‌లో చేరుతుంది, కొత్తవాళ్లకు చేరదు. సవరణలో రెండు వర్గాలనూ పేరుపెట్టి చెప్పాలి.

వీటితోపాటు పే షెడ్యూల్ చూడాలి. సెక్షన్ 570.5 ప్రకారం కౌన్సిల్ బహిరంగంగా ఆమోదించిన షెడ్యూల్‌లో పోస్టు పేరు, రేటు, అది గంటకా నెలకా, అమలు తేదీ అన్నీ ఉండాలి. 'రేటు కోసం ఎంఓయూ చూడుడు' అని రాయకూడదు. అయిదేళ్లకు తగ్గకుండా భద్రపరచాలి. బేసిక్ రేటు మారే సవరణ అయితే కొత్త షెడ్యూల్ కూడా అదే రోజు ఆమోదానికి పెట్టాలి. చాలాచోట్ల మరిచిపోయేది దీన్నే.

ఖర్చు నోట్ ఎలా ఉంటుందో ఊహా లెక్కతో చూపిస్తాను. నెలకు 14,000 డాలర్ల బేసిక్ ఉన్న అయిదుగురు అర్హులనుకోండి. 4 శాతం అంటే ఒక్కొక్కరికి 560, ఏడాదికి 6,720, అయిదుగురికి 33,600. మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) వాటా 1.45 శాతం, అంటే 487.20. యజమాని నార్మల్ కాస్ట్ (ఆ ఏడాది సర్వీసుకు కట్టే పెన్షన్ వాటా) 25 శాతం అనుకుంటే 8,400. మొత్తం 42,487.20 డాలర్లు. ఇక్కడితో ఆగిపోతే నోట్ అసంపూర్ణం. పాత సర్వీసు తాలూకు పెన్షన్ నిధి లోటును కాల్‌పెర్స్ శాతంగా కాక డాలర్ల మొత్తంగా వేరే బిల్లు వేస్తుంది. జీతం ముందు అంచనా కన్నా ఎక్కువ పెరిగితే ఆ బిల్లు తరవాతి ఏళ్లలో ఉబ్బుతుంది. నిజాయితీ ఉన్న స్టాఫ్ రిపోర్ట్ ఆ సంగతి కౌన్సిల్‌కు చెప్పాలి.

---

లేబర్‌లా_తిరుపతి:

చాలా థ్యాంక్స్ అన్నా, ఇంత వివరంగా ఏ పుస్తకంలోనూ దొరకలేదు. చిన్న సందేహం. లెఫ్టినెంట్ మేనేజర్ కాబట్టి ఓవర్‌టైమ్ ఉండదని రాసెయ్యవచ్చా?

---

కౌన్సిల్_ఎజెండా:

రాయకండి. హోదా పేరును బట్టి అది తేలదు. ఫెడరల్ నిబంధన 541.3(బి) ప్రకారం, ర్యాంకు ఏదైనా, ప్రధానమైన పని గస్తీ, దర్యాప్తు, నేరస్తుల్ని పట్టుకోవడం లాంటిదైతే ఓవర్‌టైమ్ నుంచి మినహాయింపు వర్తించదు. నగరం 28 రోజుల వర్క్ పీరియడ్ పెట్టుకుంటే, మినహాయింపు లేని పోలీసుకు అందులో 171 గంటలు దాటాక ఓవర్‌టైమ్ ఇవ్వాలి. మేనేజర్ల సవరణలు చాలావాటికి మూలం కూడా ఇక్కడే ఉంది: ఓవర్‌టైమ్ తీసుకునే సార్జెంట్ చేతికొచ్చేది, అది లేని లెఫ్టినెంట్ జీతాన్ని దాటిపోతుంది. అప్పుడు ప్రమోషన్‌కు ఎవరూ ముందుకు రారు. లాంజివిటీ పే అడగడం వెనక తరచూ ఈ ఒత్తిడే ఉంటుంది.

---

పాతజీవో_చిత్తూరు జవాబు:

మూడో ప్రశ్నకు సూటి సమాధానం: మన దగ్గర లేదు, ఉండే వీలూ లేదు.

రాజ్యాంగం 33వ అధికరణం పోలీసు బలగాల ప్రాథమిక హక్కులను కుదించే అధికారం పార్లమెంటుకిచ్చింది. దాని కింద వచ్చిందే 1966 నాటి పోలీసు బలగాల (హక్కుల పరిమితి) చట్టం. సెక్షన్ 3 ప్రకారం అనుమతి లేకుండా ట్రేడ్ యూనియన్‌లో గానీ లేబర్ యూనియన్‌లో గానీ సభ్యులు కాకూడదు. మీరితే రెండేళ్ల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పోలీసు అధికారుల సంఘం ఉంది కదా అంటారేమో. అది ఇచ్చేది వినతిపత్రం, బదులుగా వచ్చేది జీవో. రెండు పక్షాలు సంతకం చేసిన ఒప్పందం అక్కడ ఉండదు.

పైగా ఇక్కడ పోలీసు నగరపాలక సంస్థ మనిషి కాదు. ఏడో షెడ్యూల్ రాష్ట్ర జాబితాలో పోలీసు రెండో అంశం. తిరుపతి డీఎస్పీ జీతం మీద కార్పొరేషన్ కౌన్సిల్‌కు ఏ సంబంధమూ లేదు. ఆయన స్కేలు పీఆర్సీని బట్టి వస్తుంది. 2022 స్కేళ్లు 23 శాతం ఫిట్‌మెంట్‌తో జీవో రూపంలో వచ్చాయి. కొండ మీద విజిలెన్స్ విభాగాన్ని చూసే సీవీఎస్వో కూడా డిప్యుటేషన్ మీద వచ్చే ఐపీఎస్ అధికారే, టీటీడీతో జీతం బేరమాడరు.

నగరపాలక సంస్థను పెట్టి పోల్చడం కూడా కుదరదు. రెగ్యులర్ సిబ్బంది జీతాలు రాష్ట్రం పీఆర్సీతో నడుస్తాయి, అవుట్‌సోర్సింగ్ వాళ్లను ఆప్కాస్ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ద్వారా తీసుకున్నారు. కౌన్సిల్ తీర్మానం చేసినా స్కేలు మారదు. డబ్బు మీద నిర్ణయం ఎవరి చేతిలో ఉందో వాళ్లే ఒప్పందానికి పక్షం కావాలి, తిరుపతి కార్పొరేషన్ ఆ స్థానంలో లేదు.

---

రేణిగుంట_సెటిల్మెంట్ జవాబు:

పైవారితో ఏకీభవిస్తూ, సాటి ఎక్కడ వెతకాలో చెబుతాను. రేణిగుంట, శ్రీసిటీ ఫ్యాక్టరీల సెటిల్మెంట్లు తీసుకోండి. మధ్యలో సవరించే సమస్య అచ్చంగా అక్కడుంది.

పాత 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కింద రాసుకున్నవే ఇప్పటికీ ఎక్కువ ఫైళ్లలో కనబడతాయి. యాజమాన్యం, యూనియన్ నేరుగా రాసుకుంటే సెక్షన్ 18(1), అది సంతకం చేసిన పక్షాలకే వర్తిస్తుంది. కన్సిలియేషన్ అధికారి (రాజీ కుదిర్చే ప్రభుత్వ అధికారి) సమక్షంలో కుదిరితే 12(3), అప్పుడు 18(3) ప్రకారం యూనియన్‌లో లేనివాళ్లకూ, రేపు చేరేవాళ్లకూ వర్తిస్తుంది. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, అసలు ఒప్పందం 12(3) కింద చేసి, సవరణ మాత్రం ఫ్యాక్టరీ ఆఫీసులో తెల్లకాగితం మీద రాసుకుంటారు. దాంతో ఇంకో యూనియన్ కార్మికులు పాత షరతుల కిందే ఉన్నామంటారు. ఒకే షెడ్డులో రెండు రేట్లు! అసలుది ఏ దారిన వచ్చిందో సవరణ కూడా ఆ దారినే రావాలి. 18(1) అయినా సరే, ప్రతిని నిర్దేశించిన అధికారికీ కన్సిలియేషన్ అధికారికీ పంపకపోతే 2(పి) నిర్వచనం ప్రకారం అది సెటిల్మెంటే కాదు.

షరతు మార్చడానికి 9ఎ నోటీసు 21 రోజులు కావాలి కదా అని అడుగుతారు. సెటిల్మెంట్‌ను అనుసరించి చేసే మార్పుకు ఆ నోటీసు అక్కర్లేదు. యాజమాన్యం తనంతట తాను మారిస్తేనే కావాలి.

2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది కాబట్టి పేపర్‌లో పాత, కొత్త సెక్షన్లు పక్కపక్కన వెయ్యండి. ఒకటి కంటే ఎక్కువ యూనియన్లున్నచోట 51 శాతం, ఆపైన కార్మికుల మద్దతు ఉన్నదే ఏకైక సంప్రదింపుల యూనియన్. మీ అంశానికి దగ్గరగా పనికొచ్చేది సూపర్‌వైజర్ల హద్దు: పాత చట్టంలో నెలకు 10,000 దాటిన సూపర్‌వైజర్ 'వర్క్‌మన్' (ఆ చట్టం వర్తించే కార్మికుడు) కాడు, కోడ్‌లో అది 18,000. మేనేజర్ పని చేసేవాళ్లు ఎంత జీతమైనా బయటే. కాలిఫోర్నియా కెప్టెన్‌కు సంఘం పెట్టి బేరమాడే హక్కుంటే, శ్రీసిటీలో ప్రొడక్షన్ మేనేజర్‌కు అపాయింట్‌మెంట్ లెటర్ తప్ప ఏమీ లేదు. పేపర్‌లో వాదన ఇక్కడ నిలబెట్టండి, బలంగా ఉంటుంది.

ఏపీఎస్‌ఆర్టీసీని కూడా చూడండి. ఒకప్పుడు గుర్తింపు యూనియన్‌తో వేతన ఒప్పందాలు ఉండేవి. 2020 జనవరి 1న సిబ్బంది ప్రభుత్వంలో విలీనమయ్యాక అలిపిరి డిపో డ్రైవర్ జీతం కూడా పీఆర్సీ కిందికి వచ్చింది. ఒప్పందం నుంచి జీవోకు మారిన సంస్థ కళ్లెదుటే ఉంది కాబట్టి, సవరణ అడిగే దారి ముందు ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉందని ఒక పేజీ రాస్తే సరిపోతుంది.