చైను, స్ప్రాకెట్లు (చైను తిరిగే పళ్ళ చక్రాలు) మార్చవలసిన సమయం వచ్చిందో లేదో ఎలా తేల్చుకోవాలి?

మట్టిబాట:
ఉదయం నుంచి ఈ డర్ట్ బైక్‌తోనే సతమతమవుతున్నాను. ఎత్తు ఎక్కేటప్పుడు థ్రాటిల్ గట్టిగా తిప్పితే చైను టకటకమంటూ పళ్ళ మీద నుంచి జారుతోంది. బిగువు సరిచేసి, శుభ్రం చేసి, నూనె వేసినా ఆగడం లేదు. చైను వదులయ్యే కొద్దీ వెనుక చక్రపు ఇరుసును (యాక్సిల్) వెనక్కి జరిపే అడ్జస్టర్ గుర్తులను బట్టి అది ఇంకా సగం దూరం కూడా వెనక్కి రాలేదు కాబట్టి చైను బాగానే ఉండాలి. వెనుక స్ప్రాకెట్ పళ్ళూ కొత్తవాటిలాగే ఉన్నాయి. 20 లింకులు కొలిస్తే 322 మిల్లీమీటర్లు వచ్చింది. ఇప్పుడు ఏది మార్చాలో దయచేసి ఎవరైనా సూటిగా చెప్పండి.

పాతపానా:
ముందు స్ప్రాకెట్ కవరు విప్పి చూడండి. చైను, రెండు స్ప్రాకెట్లు, మూడూ కలిపి మార్చండి.

నూనెచుక్క:
ఏ నూనె వేశారో, దేనితో కడిగారో మీరు రాయలేదు. ఓ-రింగులు (కీళ్ళను మూసే రబ్బరు రింగులు) ఉన్న చైనులో పిన్నుకూ, దాని చుట్టూ ఉండే చిన్న గొట్టమైన బుష్‌కూ మధ్య గ్రీజును తయారీలోనే నింపి మూసేస్తారు కనుక, పెట్రోలుతో కడిగినా, ఇనుప బ్రష్‌తో రుద్దినా, ప్రెషర్ వాషర్ ధారను దగ్గర నుంచి కొట్టినా రింగులు చెడి, ఆ గ్రీజు పోయి, లోపలికి బురదనీళ్ళు చేరతాయి. కడిగిన తరువాత తడి ఆరనిచ్చి, కింది వరుసలో చైను లోపలి వైపు నూనె వేస్తే, చక్రం తిరిగినప్పుడు అది బయటికి పాకుతూ రోలర్లన్నిటికీ అందుతుంది. ఇది పాటించనివారు ఎన్ని చైనులు మార్చినా ఫలితం ఉండదు.

గీటురాయి:
నూనె సంగతి తరువాత చూద్దాం. చైను సైజు 520 రకమా, 428 రకమా? 20 లింకులంటే ఎన్ని పిన్నులు లెక్కపెట్టారు? కొలిచేటప్పుడు చైనును బిగుతుగా లాగి పట్టారా? ఇవి తెలియకుండా 322 అనే అంకెతో ఏమీ తేల్చలేము.

మట్టిబాట:
520 రకం, 114 లింకులు. కింది వరుసను బిగుతుగా లాగి, మొదటి పిన్ను మధ్య నుంచి 21వ పిన్ను మధ్య వరకు కొలిచాను. ముందు 13 పళ్ళు, వెనుక 50. వెనుక మొదట 48 ఉండేవి. ఎత్తులు ఎక్కడానికి ఈమధ్యే 50 వేయించాను. చైను, ముందు స్ప్రాకెట్ పాతవే.

గీటురాయి:
చిక్కుముడి అక్కడే ఉంది. వెనుక రెండు పళ్ళు పెరిగితే చైను దాదాపు ఒక లింకు మేర ఎక్కువ కావాలి కనుక యాక్సిల్ సుమారు 8 మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది. అందువల్ల చైను ఎంత అరిగిందో అడ్జస్టర్ గుర్తులు మీకు చూపలేదు. 520 చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 15.875 మిల్లీమీటర్లు, కొత్త చైనులో 20 లింకులు 317.5 ఉండాలి. మీది 322 అంటే 1.4 శాతం సాగినట్లు. చైను మార్చవలసిన హద్దు సాధారణంగా 1 నుంచి 2 శాతం మధ్య ఉంటుంది కనుక మీ బండి మాన్యువల్‌లో సరిచూసుకోండి. అయితే బరువు మీద పళ్ళు దాటుతున్న చైనును హద్దు వచ్చేదాకా వాడకూడదు.

నూనెచుక్క:
చైను సాగిందనడం సరికాదు. లింకుల పలకలు అలాగే ఉంటాయి. పిన్నులు, బుష్‌లు అరిగి ప్రతి కీలులోనూ కొద్దికొద్దిగా వదులు ఏర్పడుతుంది.

గీటురాయి:
ఏ పేరుతో పిలిచినా కొలత మారదు. ఆ అరుగుదల అంతటా ఒకేలా ఉండదు కాబట్టి, చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ బిగువు ఒకచోట ఎక్కువగా, మరొకచోట తక్కువగా ఉందేమో కూడా చూడాలి. బిగుసుకుపోయిన లింకులు నూనె వేసినా వదలకపోతే ఇక కొలతతో పనిలేదు, ఆ చైనును తీసేయవలసిందే.

మట్టిబాట:
కవరు విప్పాను. ముందు పళ్ళు ఒకవైపుకు వంగి కొక్కేల్లా ఉన్నాయి. వెనుక స్ప్రాకెట్ చివర చైనును వెనక్కి లాగితే సగం పన్ను పైగా బయటపడుతోంది. వెనుకది కొత్తదే కదా, దాన్ని ఉంచేయవచ్చా?

పాతపానా:
ఉంచవద్దు. అరిగిన చైను దాన్ని కూడా తనకు తగ్గట్టు అరగదీసి ఉంటుంది.

గీటురాయి:
నేను అంత ఖండితంగా చెప్పను. ముందు స్ప్రాకెట్‌లో ఒక్కో పన్ను వెనుకదానికన్నా దాదాపు నాలుగింతలు ఎక్కువసార్లు చైనుతో తలపడుతుంది కనుక అదే ముందుగా పోతుంది. వెనుక పళ్ళ రెండు వైపులా వంపు ఒకేలా ఉండి, కొత్త చైనును చుట్టినప్పుడు కదలకుండా కూర్చుంటే దాన్ని ఉంచవచ్చు. అయితే అది అల్యూమినియందైతే పాతపానా మాటే నాదీ.

మట్టిబాట:
అల్యూమినియందే. మూడూ తెప్పిస్తాను, ధన్యవాదాలు. వెనుక మళ్ళీ 50 వేస్తే 114 లింకులే సరిపోతాయా, 116 తీసుకోవాలా?

పాతపానా:
116 తీసుకుని, చుట్టి చూసి, ఎక్కువైతే రెండు లింకులు తీసేయండి. చైను రెండు కొనలను కలిపే లింకు మీది క్లిప్పు మూసిన కొన చైను నడిచే దిశకు ఉండాలి.

నూనెచుక్క:
ఓ-రింగుల చైనే తీసుకోమని నా సలహా. నూనె సంగతి మళ్ళీ చెబుతున్నాను, ఏది వేశారో మీరు ఇంకా చెప్పలేదు.