టోసిలిజుమాబ్ తర్వాత సీఆర్‌పీ పడిపోయింది, ఐఎల్-6 ఎగిరింది. ఏది నమ్మాలి?

ఐసీయూ_డ్యూటీ:
కోవిడ్ న్యుమోనియా, లక్షణాలు మొదలై 11వ రోజు. పేషెంట్ హై ఫ్లో ఆక్సిజన్ మీద ఉన్నారు, డెక్సామెథాసోన్ (స్టెరాయిడ్) రోజుకు 6 మి.గ్రా. నడుస్తోంది. మూడు రోజుల కిందట టోసిలిజుమాబ్ (ఐఎల్-6 పనిని అడ్డుకునే మందు) ఒక డోసు పడింది. అప్పటికీ ఇప్పటికీ తేడా చూడండి: సీఆర్‌పీ (వాపును చూపే ప్రొటీన్) 142 నుంచి 18 మి.గ్రా./లీ.కు దిగింది. ఐఎల్-6 (వాపును రేపే సంకేత ప్రొటీన్) మాత్రం 85 నుంచి 1,100కు పోయింది. ఫెర్రిటిన్ (ఇనుమును నిల్వచేసే ప్రొటీన్, వాపులో పెరుగుతుంది) 1,350 నుంచి 1,280. డీ-డైమర్ (రక్తపు గడ్డలు కరిగితే వచ్చే ముక్క) 1.1 ఉండేది, ఇవాళ వేరే ల్యాబ్‌లో 540 అన్నారు. ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) 420 నుంచి 760, పొటాషియం 5.9. ఆక్సిజన్ అవసరం నిన్నటి నుంచి కాస్త పెరిగింది. సైటోకైన్ స్టార్మ్ (రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పడం) మళ్లీ మొదలైందా? రెండో డోసు వేయాలా?

ఇమ్యునో:
వేయొద్దు. ఐఎల్-6 ఒంట్లోంచి పోయేది చాలావరకు దాని రిసెప్టర్‌కు అతుక్కునే. టోసిలిజుమాబ్ ఆ రిసెప్టర్‌నే మూసేస్తుంది కాబట్టి ఐఎల్-6 రక్తంలో పేరుకుపోతుంది. 1,100 అంటే మందు పనిచేస్తోందని, అంతే. ఆ మందు ఇచ్చాక ఐఎల్-6 పంపడమే దండగ.

సీఆర్‌పీది దీనికి తిరగేసిన కథ. లివర్ దాన్ని తయారుచేసేది ఐఎల్-6 ఆదేశం మీదే. ఆదేశం ఆగితే, ఉన్నది 19 గంటలకోసారి సగం అవుతూ పోతుంది. లెక్క వేస్తే 142 మూడు రోజుల్లో 10 దగ్గరికి రావాలి. మీది 18, అదే దారి. ఇప్పుడు సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలను దెబ్బతీసే స్థితి) వచ్చినా ఇది పెద్దగా లేవకపోవచ్చు, జ్వరమూ రాకపోవచ్చు. అందుకని 18 చూసి ధీమా పడకండి. రికవరీ ట్రయల్‌లో (కోవిడ్ మందుల మీద బ్రిటన్‌లో మొదలైన పెద్ద అధ్యయనం) రెండో డోసుకు వీలిచ్చింది మొదటిదాని తర్వాత 12 నుంచి 24 గంటల్లో. మూడో రోజు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంటే ముందు ఇన్ఫెక్షన్, పల్మనరీ ఎంబోలిజం (ఊపిరితిత్తి రక్తనాళంలో గడ్డ), న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) వెతకాలి.

ల్యాబ్_బెంచ్:
డీ-డైమర్ రిపోర్టుల్లో యూనిట్ చూశారా? 1.1 అనేది మైక్రోగ్రా./మి.లీ. ఎఫ్ఈయూ, 540 అనేది నానోగ్రా./మి.లీ. డీడీయూ అయ్యుంటే, 540ని రెండుతో గుణిస్తే (ఇవి డీ-డైమర్‌ను లెక్కగట్టే రెండు పద్ధతులు; ఒక డీడీయూ దాదాపు రెండు ఎఫ్ఈయూలు) 1,080 నానోగ్రాములు. అంటే 1.08. రెండూ ఒకటే! ఈ తికమక రోజూ చూస్తాం. పైగా ఒక కిట్ అంకెకు ఇంకో కిట్ అంకె సరిపోదు; ఒకే ల్యాబ్‌లో వరసగా చేయించండి. సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే ద్రవం) ట్యూబ్ గీత దాకా నిండాలి: తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్. తక్కువ పోస్తే ఆ రిపోర్టును నమ్మలేం.

ఎల్‌డీహెచ్, పొటాషియం కలిసి లేచాయంటే నాకు ముందు హెమోలిసిస్ (ఎర్ర కణాలు పగలడం) మీదే అనుమానం. సన్న సూదితో గట్టిగా లాగినా, ట్యూబ్‌ను ఊపినా ఎర్ర కణాలు పగిలి రెండూ పెరుగుతాయి. సీరం గులాబీ రంగులో ఉందేమో ల్యాబ్‌ని అడగండి. ఈలోగా 5.9ని వదిలేయకండి, ఈసీజీ తీసి, కొత్త శాంపిల్ వెంటనే పంపండి.

ఐసీయూ_డ్యూటీ:
యూనిట్లు మీరన్నట్టే ఉన్నాయి. ప్రొకాల్సిటోనిన్ (బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌లో పెరిగే ప్రొటీన్) 0.3 వచ్చింది. బ్యాక్టీరియా లేదనుకోవచ్చా?

ఇమ్యునో:
అనుకోలేం. టోసిలిజుమాబ్, స్టెరాయిడ్ రెండూ దాన్నీ అణచగలవు. 24 గంటల తర్వాత మళ్లీ చేసి, పెరిగిందా లేదా చూడండి. తెల్లకణాలు, న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి స్టెరాయిడ్ వల్లే పెరుగుతాయి, వాటిమీదే తేల్చకండి. స్మియర్‌లో (గాజు పలక మీద చూసే రక్తం) బ్యాండ్ సెల్స్ (పూర్తిగా ఎదగని న్యూట్రోఫిల్స్) ఉన్నాయంటే మాత్రం పట్టించుకోవాలి. యాంటీబయాటిక్ మొదలెట్టే ముందు బ్లడ్ కల్చర్ రెండు సెట్లు, ఒక్కో బాటిల్‌కు 8 నుంచి 10 మి.లీ., వేర్వేరు చోట్ల నుంచి. సెంట్రల్ లైన్ ఉంటే ఒకటి అందులోంచి.

ఫెర్రిటిన్ మెల్లగానే దిగుతుంది, ఈ తేడా లెక్కలోది కాదు. అది వేలల్లో ఎగబాకుతూ, ప్లేట్‌లెట్లు, ఫైబ్రినోజెన్ పడిపోతూ, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతుంటే అప్పుడు హెచ్‌ఎల్‌హెచ్ (రోగనిరోధక కణాలు అదుపు తప్పి రక్తకణాలను మింగేసే ప్రమాదకర స్థితి) గురించి ఆలోచించాలి. ఒక్క డీ-డైమర్ చూసి హెపారిన్‌ను (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) చికిత్స డోసుకు పెంచొద్దు. ఐసీయూ స్థాయి పేషెంట్లలో దానివల్ల మేలు కనపడలేదు, రక్తస్రావం మాత్రం పెరిగింది. ఎంబోలిజం అనుమానం గట్టిగా ఉంటే సీటీ యాంజియోకు (రక్తనాళాల స్కాన్) పంపండి.

ల్యాబ్_బెంచ్:
రిక్వెస్ట్ ఫారం మీద టోసిలిజుమాబ్ ఇచ్చిన తేదీ రాయండి. లేకపోతే మళ్లీ ఐఎల్-6 వెళ్లినప్పుడల్లా క్రిటికల్ వాల్యూ అంటూ అర్ధరాత్రి మీకే ఫోన్ వస్తుంది.