ఏడేళ్ల టేకు తోట: ఏ చెట్లు తీయాలి?

జగిత్యాల రైతు:
అందరికీ నమస్కారం. రెండెకరాల ఎర్రనేలలో రెండు మీటర్ల ఎడంతో టేకు నాటాం. ఏడేళ్లు నిండాయి. పొడవు బాగానే పెరిగాయి గానీ లావెక్కడం లేదు. లోపలి వరుసల్లో చాలా చెట్లకు తల దగ్గర గుప్పెడు ఆకులే ఉన్నాయి. గట్టు పక్కవి మాత్రం దాదాపు రెట్టింపు లావు. లావైన చెట్లు తాను ఏరుకుంటాననీ, చోటు దొరికితే మిగిలినవి అవే పెరుగుతాయనీ కలప వ్యాపారి అంటున్నాడు. మా నాన్నగారేమో ఒక్క చెట్టునూ ముట్టుకోనివ్వడం లేదు. ఎవరి మాట వినాలి?

ఖానాపూర్ పెద్దాయన:
ఇద్దరి మాటా వినకండి. నాన్నగారి మాట వింటే తోటలో గెడకర్రలు మిగులుతాయి, వ్యాపారి మాట వింటే అవీ నాసిరకానివే మిగులుతాయి. టేకు నీడను ఓర్చుకోదు. ఏడేళ్లు అణగిపోయిన చెట్టుకు ఇప్పుడు చోటిచ్చినా పెద్దగా తేరుకోదు.

రెండు మీటర్ల ఎడమంటే ఎకరానికి సుమారు వెయ్యి చెట్లు. ఇంత ఒత్తుగా నాటిన తోటల్లో నాలుగైదేళ్లకే మూలవాటుగా వరుస విడిచి వరుస తీసేస్తారు. మీది ఆ వయసు దాటింది కాబట్టి వరుసను కాదు, చెట్టును చూసి తీయాలి. ముందు ఉంచవలసిన వాటికి సున్నంతో గుర్తు పెట్టండి: మాను నిటారుగా, తల నిండుగా ఉన్నవి. తరువాత వాటి తలను తోసుకొస్తున్నవి, వంకరవి, రెండుగా చీలినవి కొట్టించండి. గుర్తులు ఆకు ఉన్నప్పుడే పెట్టాలి. ఆకు రాలాక ఏ తల నిండుదో, ఏది బోసిదో చెప్పడం కష్టం.

ఒకేసారి సగం తీయకండి. ఇన్నాళ్లూ గుంపులో పెరిగిన సన్నని మాన్లు గాలివానకు వంగిపోతాయి. పైగా ఒక్కసారిగా ఎండ తగిలితే మాను పొడవునా చిగుళ్లు తన్నుకొస్తాయి, అవే రేపు కలపలో ముడులు. ఈ ఏడు మూడో వంతు తీసి, రెండేళ్లాగి మళ్లీ చూడండి.

డబ్బు మీద ఆశ పెట్టుకోకండి. చేవ పట్టని కర్ర పందిళ్లకూ సెంట్రింగుకూ పోతుంది. కూలి గిట్టితే సంతోషించాలి.

నిర్మల్ నుంచి లక్ష్మి:
బాబాయ్ గారూ, అసలు సంగతి వదిలేశారు. పట్టా భూమి అయినా టేకు కొట్టాలంటే వాల్టా చట్టం (నీరు, నేల, చెట్ల రక్షణ చట్టం) కింద అనుమతి కావాలి, కర్ర కదలాలంటే అటవీ శాఖ రవాణా పర్మిట్టు కావాలి. "కాగితాలన్నీ నేను చూసుకుంటాను" అని వ్యాపారి అంటే నమ్మకండి. దరఖాస్తు మీ పేరు మీదే పెట్టండి.

జగిత్యాల రైతు:
ధన్యవాదాలు అక్కా. కొట్టిన మోళ్ల నుంచి పిలకలు వస్తే పెంచుకోవచ్చా?

ఖానాపూర్ పెద్దాయన:
లక్ష్మీ, నిజమే, నువ్వు చెప్పాక కాదనేదేముంది. రైతు గారూ, పిలకలు తప్పకుండా వస్తాయి, మొదట్లో జోరుగానే లేస్తాయి. కానీ పైన నీడ ఉన్నంతకాలం అవి మాను కట్టవు, నీళ్లు మాత్రం పంచుకుంటాయి. వానాకాలంలో రెండుసార్లు నరికించండి. ఇక ఆ వ్యాపారిని సున్నం గుర్తు లేనివి కొనేటట్టయితేనే రమ్మనండి. గుర్తున్న చెట్టు మీద చెయ్యి వేశాడంటే బేరం అక్కడితో ఆపేయండి, ఇంకొకరు దొరుకుతారు.