ఫ్లోరిడా టైమ్‌షేర్ చట్టం: క్యాన్సిల్ చేసుకోడానికి పది రోజులు సరిపోతాయా?

గోదారి గట్టు:
ఓర్లాండోలో థీమ్ పార్క్ టికెట్లు తక్కువకిస్తామని పిలిచి, గంటలకొద్దీ కూర్చోబెట్టి టైమ్‌షేర్ (చాలామందితో కలిసి ఒక రిసార్టులో ఏటా కొన్ని రోజులు ఉండేలా కొనుక్కునే వాటా) అంటగడుతున్నారని మళ్ళీ గోల మొదలైంది. నా లెక్కలో ఫ్లోరిడా చట్టం గట్టిదే. 721వ చాప్టర్ ప్రకారం సంతకం పెట్టిన రోజు, లేదా ఇవ్వాల్సిన కాగితాల్లో ఆఖరిది చేతికొచ్చిన రోజు, ఏది తర్వాతైతే అక్కణ్ణుంచి 10 రోజుల్లోపు కారణం చెప్పకుండా క్యాన్సిల్ చేసుకోవచ్చు. ఆ హక్కు వదులుకుంటున్నానని మనచేత రాయించుకున్నా చెల్లదు. నెవాడాలో 5 రోజులే, కాలిఫోర్నియాలో 7. ఇంకేం కావాలి?

డల్లాస్ సిక్కోలు:
ఒప్పుకోను అన్నా. ఆ పదిలో శని ఆదివారాలు కూడా కలిపే లెక్క, సగం రోజులు టూర్లోనే పోతాయి, ఇంటికొచ్చాక ఉతుకులు, స్కూళ్ళు, ఆఫీసు, ఆ కాంట్రాక్టు కాగితాల ఫోల్డర్ తెరిచేదెవరు? మా కజిన్‌కి "రేటు పెరుగుతుంది, ఎప్పుడైనా అమ్ముకోవచ్చు" అని చెప్పి అమ్మారు. రేటు ఇలా పెరుగుతుందని ఆశపెట్టి అమ్మకూడదని అదే చట్టంలో ఉంది, కానీ నోటిమాటలు నమ్మి కొనట్లేదని కాంట్రాక్టులో వీడిచేత సంతకం పెట్టించారు, ఇంక రుజువెక్కడిది? ఇప్పుడు ఏటేటా పెరిగే మెయింటెనెన్స్ ఫీజు కట్టుకుంటూ కూర్చున్నాడు, ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాళ్ళు లేరు.

టాంపా వదిన:
వాదన తర్వాత, ఇప్పుడు ఆ పది రోజుల్లో ఉన్నవాళ్ళు ముందిది చదవండి. ఫోన్‌లో చెప్తే క్యాన్సిల్ అవ్వదు, రాసి పంపాలి. కాంట్రాక్టులో ఇచ్చిన అడ్రసుకి సర్టిఫైడ్ మెయిల్ చేసి రసీదు దాచుకోండి. వాళ్ళకి చేరిన తేదీ కాదు, మీరు పంపిన తేదీయే లెక్క. "మేనేజర్ కాల్ చేస్తారు ఆగండి" అంటే అస్సలు ఆగొద్దు.

గోదారి గట్టు:
వదినగారు చెప్పింది కరెక్ట్. కానీ సిక్కోలు తమ్ముడూ, ఎప్పుడు కావాలంటే అప్పుడు వదిలేసి పోవచ్చని చట్టం పెడితే వాడి వాటా ఫీజు ఎవరు కడతారు? మిగిలిన ఓనర్లే కదా, అందులోనూ మనలాంటివాళ్ళే ఉంటారు.

డల్లాస్ సిక్కోలు:
అది నిజమే, కాదనను. అయితే ఆ బరువు అమ్మిన డెవలపర్ మీద పెట్టాలి, కొన్నేళ్ళు ఫీజు సక్రమంగా కట్టినవాడు తిరిగిచ్చేస్తానంటే డెవలపర్ తీసుకుని తీరాలి. కొందరు ఇప్పటికే ఇష్టమైతే తీసుకుంటున్నారు, వాళ్ళ ఇష్టానికి వదిలేయకుండా చట్టంలో రాయమంటున్నా. కొనేటప్పుడు కాపాడి ముప్పై ఏళ్ళు కట్టేటప్పుడు వదిలేస్తే అది సగం రక్షణే.

టాంపా వదిన:
దీనికి నా ఓటు కూడా. ఇంకోటి, కొనేవాళ్ళకి వివరాలన్నీ రాసిచ్చే వందల పేజీల పబ్లిక్ ఆఫరింగ్ స్టేట్‌మెంట్ ఎవరూ చదవరు, గత ఐదేళ్ళ ఫీజు ఎంతెంత పెరిగిందో మొదటి పేజీలోనే పెద్దక్షరాల్లో వేయించాలి. అది చూస్తే చాలామంది సంతకం దాకా వెళ్ళరు.